పాత పికప్‌కు కొత్త రుసుము: బండి వయసు తేల్చేది బాడీ కింది రబ్బరే

2025లో రెండు నెలల వ్యవధిలో కేంద్రం తీసుకున్న రెండు నిర్ణయాలు సరిహద్దు పల్లెల్లోని పాత పికప్ యజమానులను ఇరకాటంలో పడవేశాయి. సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ సంతోషం చల్లారకముందే, నవంబరులో, పాత వాహనాల సామర్థ్య పరీక్ష రుసుములు, అంటే జనం వాడుకలో ఎఫ్‌సీ రుసుములు, భారీగా పెరిగాయి. మొదటి నిర్ణయం కొత్త బండి కొనుక్కోమని ఊరిస్తోంది. రెండవది పాత బండిని వదిలించుకోమని తరుముతోంది. నడుమ నలుగుతున్నది మాత్రం ఒకే బండిని నమ్ముకొని ఇల్లు నడుపుకొనే కుటుంబం.

కోలారు జిల్లా శ్రీనివాసపురం, ముళబాగిలు మొదలుకొని ఆంధ్ర వైపు కుప్పం, వి.కోట, తమిళనాడు వైపు వేపనపల్లి, హోసూరు దాకా మూడు రాష్ట్రాలు కలిసే ఈ మెట్టప్రాంతంలో పికప్ బండి ఎద్దుల జతతో సమానం. తెల్లవారకముందే టమోటా పెట్టెలతో కోలారు మార్కెట్‌కో, మదనపల్లెకో బయలుదేరుతుంది. కాయల కాలంలో మామిడి మోస్తుంది. తిరుగు ప్రయాణంలో ఎరువులు, దాణా, సిమెంటు తెస్తుంది. 2025 జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం ఇతర రాష్ట్రాల తోతాపురి మామిడికి అడ్డుకట్ట వేసినప్పుడు కర్ణాటక ముఖ్యమంత్రి లేఖ రాయవలసి వచ్చింది. గీత ఇవతలి తోట, అవతలి గుజ్జు కర్మాగారం ఒకదానిపై ఒకటి ఎంతగా ఆధారపడ్డాయో ఆ లేఖ లోకానికి తెలిపింది. ఆ రెంటినీ కలిపేది ఈ పికప్ బండే. దీని గురించి లేఖలు రాసేవారు లేరు.

నిబంధనల సంగతి ముందుగా చూడాలి. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటేటా ఎఫ్‌సీ చేయించుకోవాలి. 2021 అక్టోబరులో ప్రకటించి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం 15 ఏళ్లు దాటిన బండ్లకు హెచ్చు రుసుము వచ్చింది. 2025 నవంబరు సవరణ ఆ గీతను పదేళ్లకు దించింది. 10 నుంచి 15, 15 నుంచి 20, 20 పైబడి అని మూడు అంతస్తులు కట్టింది. 20 ఏళ్లు దాటిన తేలికపాటి మోటారు వాహనానికి 15,000 రూపాయలు, భారీ వాహనానికి 25,000 రూపాయలు అని నిర్ణయించింది. లారీ యజమానులు నిరసనకు దిగారు. కనుక రుసుము కట్టే రోజున తమ రాష్ట్రంలో అమలవుతున్న మొత్తం ఎంతో ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం ఉత్తమం. మధ్యవర్తి చెప్పిన అంకె ప్రమాణం కాదు.

ఇదే అదనుగా పల్లెల్లో ఒక గాలివార్త కూడా తిరుగుతోంది. పదేళ్లు నిండిన డీజిల్ బండి ఇక రోడ్డెక్కరాదట! ఆ ఆంక్ష 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో ఢిల్లీ రాజధాని ప్రాంతానికి వచ్చినది. ఈ మూడు రాష్ట్రాల సరిహద్దుకు దానితో సంబంధం లేదు. ఆ పుకారును నమ్మి అయినకాడికి బండి అమ్ముకోవడం కన్నా తెలివితక్కువతనం మరొకటి ఉండదు. పుకారును మోసుకొచ్చేవారిలో పాత బండ్లు కొనే దళారులే ముందుంటారన్నది కూడా గుర్తుంచుకోదగ్గది.

ప్రభుత్వ వాదనలో నిజం లేదని కాదు. బీఎస్-4 ప్రమాణాలు దేశమంతటా అమలైనది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చినది 2020 ఏప్రిల్‌లో. అంతకుముందు తయారైన డీజిల్ బండి పొగ ఎక్కువే కక్కుతుంది. అయితే రుసుము పట్టిక బండి వయసును క్యాలెండరుతో కొలుస్తుంది. ఇనుముకూ రబ్బరుకూ క్యాలెండరు తెలియదు. ఒకే ఏడు, ఒకే షోరూములో కొన్న రెండు బండ్లలో ఒకటి పదేళ్లకే కుంగిపోతుంది, మరొకటి ఇరవై ఏళ్లకూ నిటారుగా నిలుస్తుంది. కాబట్టి అమ్మాలా, ఉంచుకోవాలా అన్న ప్రశ్నకు జవాబు రుసుము రసీదులో దొరకదు. బండి కింద చాప పరచుకొని పడుకొని, క్యాబిన్‌కూ చాసిస్‌కూ మధ్య ఉన్న రబ్బరు బుష్‌లను చూస్తే దొరుకుతుంది.

మారుతి ఓమ్ని వంటి బండ్లలో చాసిస్ అంటూ విడిగా ఉండదు, బాడీయే అన్నీ మోస్తుంది. మహీంద్రా బొలేరో పికప్, టాటా 207 వంటివి అలా కావు. వీటిలో నిచ్చెన ఆకారపు చాసిస్ వేరు, దాని మీద కూర్చునే క్యాబిన్ వేరు. ఇనుము మీద ఇనుము నేరుగా కూర్చుంటే ప్రతి గుంతా నడిపేవాని వెన్నెముకకు తగులుతుంది, కొద్ది నెలల్లోనే రేకులు పగులుతాయి. అందుకే ప్రతి బిగింపు చోటా చాసిస్ బ్రాకెట్‌కు పైన ఒక రబ్బరు దిమ్మ, కింద ఒక రబ్బరు దిమ్మ, వాటి మధ్యగా స్లీవ్ అనే ఇనుప గొట్టం, వెడల్పాటి వాషరు, వీటన్నిటినీ కుట్టినట్టు పట్టి ఉంచే పొడవాటి బోల్టు అమర్చుతారు. మెకానిక్కులు బాడీ బుష్ అనీ, బాడీ రబ్బరు అనీ అనేది దీన్నే. ఇవి ఎన్ని అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ముందువీ వెనుకవీ ఒకే ఎత్తు, ఒకే గట్టిదనం ఉండవు. కొనేముందు లెక్కపెట్టుకొని, ఏది ఎక్కడిదో రాసుకోవాలి.

రబ్బరును చంపే శత్రువులు చాలామందే ఉన్నారు. ఎండ వేడిమి, గాలిలోని ఓజోన్ దానిని బీటలు వారుస్తాయి. కారే ఇంజిన్ ఆయిలు, డీజిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఏళ్ల తరబడి ఒకే బరువు కింద నలిగిన రబ్బరు, బరువు తీసినా మళ్లీ లేవక అణిగిపోయే ఉంటుంది. వీటికి తోడు అధిక లోడు. సరుకు ఉండేది వెనుక తొట్టిలో కదా, ముందున్న క్యాబిన్ రబ్బరుకు ఏమిటి నష్టం అనిపించవచ్చు. కోలారు మార్కెట్ లెక్కన టమోటా పెట్టె 15 కిలోలు. టన్నున్నర మోయవలసిన బండికి అది నూరు పెట్టెల బరువు. ఆ మీద పెట్టె మీద పెట్టె పేర్చుకుంటూ పోయి, చేను గట్టు దిగి చెరువు కట్ట ఎక్కే దారిలో నడిపితే చాసిస్ మెలి తిరుగుతుంది. ఆ మెలికను క్యాబిన్‌కు అందకుండా తనలో దిగమింగేది ఈ రబ్బరే. లోడు పెరిగే కొద్దీ మెలిక, మెలిక పెరిగే కొద్దీ రబ్బరుకు చేటు.

అరిగిన బుష్ తనంత తాను చెప్పుకోదు. ఇతరుల మీద నింద వేయిస్తుంది. గుంతలో పడగానే క్యాబిన్ కింద 'టక్' మని చప్పుడు వస్తే చాలామంది మొదట షాకబ్జర్లు మారుస్తారు, తరువాత కమాన్ పట్టీల బుష్‌లు మారుస్తారు, ఆ తరువాత మెకానిక్‌నే మారుస్తారు. చప్పుడు మాత్రం మారదు. పోల్చుకోవడానికి ఒక దారి ఉంది. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్‌బ్రేకరు ఎక్కినప్పుడు వచ్చే శబ్దం సాధారణంగా కమాన్లది, షాకబ్జర్లది. ఒక పక్క చక్రం మాత్రమే గుంతలో దిగి బండి మెలి తిరిగినప్పుడు కిర్రుమన్నా టక్కుమన్నా ముందుగా బాడీ బుష్‌లను అనుమానించాలి. క్యాబిన్‌కూ వెనుక తొట్టికీ మధ్య సందు కుడి ఎడమల్లో ఒకేలా లేకపోవడం, నిన్నటిదాకా మెత్తగా పడిన తలుపు ఈడ్చి వేస్తే గాని పడకపోవడం, క్యాబిన్ ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించడం, గేరు కడ్డీ నేలరేకు రంధ్రానికి ఒరుసుకోవడం, ఇవన్నీ అదే జబ్బు లక్షణాలు. స్టీరింగ్ గొట్టం పై భాగం క్యాబిన్‌కు, కింద పెట్టె చాసిస్‌కు బిగించి ఉంటాయి. క్యాబిన్ కదిలితే నడిపేవాని చేతిలో స్టీరింగ్ కూడా వదులుగా తోస్తుంది. ఇక్కడితో ఇది చప్పుడు సంగతి దాటి ప్రాణాల సంగతి అవుతుంది. బోల్టు తుప్పుపట్టి తెగి, రబ్బరు ఊడిపోయిన బండికి ప్రమాదం జరిగితే క్యాబిన్ చాసిస్‌ను పట్టుకొని ఉంటుందన్న భరోసా లేదు.

రబ్బరు పాడైందని తేలినంత మాత్రాన వెంటనే కొత్తది కొనరాదు. ముందు చూడవలసినది రబ్బరును మోసే బ్రాకెట్. ఎవరో ఒకరు క్యాబిన్‌ను పక్కకు ఊపుతుండగా మరొకరు కింది నుంచి టార్చిలైటు వేసి చూడాలి. వాషరు చుట్టూ ఎర్రటి పొడి రాలి ఉంటే అక్కడ ఇనుము ఇనుమును తింటున్నదన్న మాట. తరువాత చిన్న సుత్తితో బ్రాకెట్‌ను, దాని చుట్టూ చాసిస్‌ను, పైన క్యాబిన్ నేలరేకును తట్టాలి. ఖంగుమంటే ఇనుము బతికి ఉంది. బొద్దుగా మోగి పెచ్చులు రాలితే లోపల ఏమీ మిగల్లేదు. బ్రాకెట్ ఒకటి రెండు చోట్ల తినిపోతే, మందపు ఇనుముతో కొత్తది చేయించి మంచి వెల్డర్ చేత అతికించవచ్చు. చాసిస్ పట్టీయే పుచ్చిపోతే దానికి కొత్త బుష్‌లు వేయడం చెదపట్టిన దూలానికి రంగు వేయడమే. ఆ బండి విషయంలో కొత్త రుసుము చెప్పిన మాటే నిజం, దాని కాలం తీరింది. అందుకే ఖర్చు పెట్టే క్రమం ముఖ్యం. తట్టి చూడటానికి కాసు ఖర్చు లేదు. తట్టి చూడకుండా ఎఫ్‌సీకి కట్టిన వేలు, బుష్‌లకు పెట్టిన వేలు మాత్రం తిరిగి రావు.

ఇనుము గట్టిగా ఉన్నదనుకుందాం. అప్పుడు పనిలోకి దిగవచ్చు. మునుపటి సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె పట్టించి రాత్రంతా నాననివ్వాలి. ఈ ఒక్క ఓపిక చాలా అనర్థాలను తప్పిస్తుంది. చాలా బండ్లలో పై నట్టు క్యాబిన్ నేల లోపల బంధించి ఉంటుంది. తుప్పుపట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే ఆ నట్టు లోపలే గిరగిర తిరగడం మొదలుపెడుతుంది, ఇక నేలరేకు కోసి గాని దానిని పట్టుకోలేరు. గ్యాసు మంటతో వేడి చేయడం మెకానిక్కులకు అలవాటే. డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, సీటు కింది దూది ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోకుండా మంట వెలిగించకూడదు.

చదునైన నేల మీద చక్రాలకు అడ్డు పెట్టి, బ్యాటరీ తీగ విప్పి, ఒక పక్క బోల్టులు పూర్తిగా తీయాలి. రెండో పక్కవి విప్పకుండా వదులు మాత్రమే చేయాలి. రెండు పక్కలా తీసేస్తే క్యాబిన్ జరిగిపోయి రంధ్రాలు కలవక రోజంతా తంటాలు పడవలసి వస్తుంది. జాకీకీ క్యాబిన్‌కూ మధ్య వెడల్పాటి చెక్క పలక పెట్టి, రబ్బరు బయటికి వచ్చేంత మేరకే, కొద్ది అంగుళాలే లేపాలి. లేపుతున్నంత సేపూ ఒక మనిషి స్టీరింగ్ గొట్టం, బ్రేకు గొట్టాలు, క్లచ్, రేడియేటరు పైపులు, విద్యుత్ తీగలు బిగుసుకుంటున్నాయేమో కనిపెట్టి ఉండాలి. రేడియేటరు క్యాబిన్ వైపు, ఫ్యాను ఇంజిన్ వైపు బిగించిన బండ్లలో ఫ్యాను రెక్క కవరుకు తగులుతుంది, అది చూడకుండా ఇంజిన్ తిప్పితే రేడియేటరుకే ఎసరు. క్యాబిన్ లేచాక చెక్క దిమ్మలు పెట్టాలి. ఒక్క జాకీ మీద నిలిచిన క్యాబిన్ కింద చేయి పెట్టడం ఎంతటి అనుభవజ్ఞునికైనా తగదు. గ్రామాల్లో ఇటువంటి పనికి ఇంట్లోని పిల్లలను సాయం పిలవడం మామూలే. టార్చిలైటు పట్టించవచ్చు గాని, బండి కిందికి మాత్రం పంపరాదు.

కొత్త రబ్బర్లు కూర్చేముందు బ్రాకెట్‌ను తీగ బ్రష్‌తో తోమి తుప్పు ఆపే రంగు వేయాలి. పాత స్లీవ్ తుప్పు తినకుండా గుండ్రంగా ఉంటేనే మళ్లీ వాడాలి. మొత్తం పనిలో కీలకం నిజానికి ఈ చిన్న గొట్టమే. బోల్టు బిగించినప్పుడు బిగువు రబ్బరు మీద గాక స్లీవ్ మీద ఆగాలి. రబ్బరు ఎంత నలగాలో నిర్ణయించేది దాని పొడవు. కాబట్టే టైరు ముక్కలో, మిల్లు బెల్టు ముక్కలో కత్తిరించి బుష్‌ల స్థానంలో దూర్చే నాటు వైద్యం నిలవదు. స్లీవ్ లేని టైరు ముక్కను ఎంత బిగిస్తే అంత నలుగుతుంది. చివరకు క్యాబిన్ చాసిస్‌కు కరచుకుపోతుంది, లేదా నాలుగు రోజుల్లో బోల్టు వదులై మళ్లీ పాత పాటే వినిపిస్తుంది. కరచుకుపోయిన చోట కొన్నాళ్లకు నేలరేకు పగులుతుంది. నూటికి పరకకు చూసుకొని వేలల్లో వదిలించుకోవడం ఇదే. దుకాణాల్లో పాలీయురెథేన్ బుష్‌లు కూడా దొరుకుతున్నాయి. అవి నూనెకు, ఎండకు తట్టుకుంటాయి, ఎక్కువ కాలం మన్నుతాయి. అయితే రబ్బరు కంటే గట్టివి కనుక అదురు క్యాబిన్‌లోకి ఎక్కువ వస్తుంది. రోజూ మార్కెట్‌కు పోయివచ్చే మనిషి నడుముకు కంపెనీ రబ్బరే హితం.

ఒక్కటి పోయిందని ఒక్కటే మార్చడం కూడా పొదుపు కాదు. కొత్తది నిండు ఎత్తున నిలబడుతుంది. పక్కనున్నవి అణిగి ఉంటాయి. క్యాబిన్ మెలి తిరిగి తలుపులు ఇదివరకటి కంటే మొండికేస్తాయి. అన్నీ కలిపి మార్చి, బండి బరువు చక్రాల మీదికి దించాక, కంపెనీ చెప్పిన బిగువుకే బోల్టులు బిగించి, ఓ 500 కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడాలి. 2025 సెప్టెంబరు మార్పుల్లో వాహన విడిభాగాలన్నీ 18 శాతం పన్ను కిందికే వచ్చాయి కనుక, గతంలో 28 శాతం పన్ను పడిన భాగాల బిల్లులో ఆ తగ్గింపు కనిపిస్తున్నదో లేదో అడిగి చూసుకోవచ్చు. బిల్లు లేకుండా కొంటే ఆ ప్రశ్నకే తావు లేదు.

ఇక ఎఫ్‌సీ సంగతి. యంత్రాలతో పరీక్షించే కేంద్రాలున్న ప్రాంతాల్లో 2024 అక్టోబరు 1 నుంచి తేలికపాటి రవాణా వాహనాలకూ ఆ కేంద్రాల పరీక్షే తప్పనిసరి అయింది. అక్కడ ప్రధానంగా తేలేవి బ్రేకులు, పొగ, దీపాలు, స్టీరింగ్. కొత్త బుష్‌లు వేసినంత మాత్రాన బ్రేకు పట్టదు, పొగ తగ్గదు. ఆ పనులు వేరుగా చేయించుకోవలసిందే. కనుక పాత బండి ఉంచుకోదలచినవారు ఎఫ్‌సీ రుసుము, బ్రేకుల పని, బాడీ బుష్‌లు, బీమా కలిపి ఏడాది ఖర్చు ఒక కాగితం మీద వేసుకోవాలి. పక్కన కొత్త బండి వాయిదాలు వేసుకోవాలి. పన్నుకు ముందు ధర 7 లక్షలనుకుంటే జీఎస్టీ తగ్గింపు వల్ల మిగిలేది 70,000. మంచి మొత్తమే, కానీ మిగతా లక్షలకు వడ్డీ ఉంటుందని మరవరాదు. టమోటా ధర ఏ వారం ఎలా ఉంటుందో తెలియని ఇంటికి నెలనెలా వాయిదా పెద్ద బరువు. ఎకరం రెండెకరాల రైతుకు, చాసిస్ గట్టిగా ఉన్న పాత బండిని బాగుచేసుకోవడమే ఇప్పటికీ లాభసాటి. రోజుకు రెండు ట్రిప్పులు బాడుగకు తిప్పేవారి లెక్క వేరు. వారికి బండి ఒక్క రోజు ఆగినా బాడుగ పోతుంది. ఎఫ్‌సీ తప్పించుకు తిరుగుదామనుకోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట అడిగే కాగితాల్లో అదొకటి.

సరిహద్దు ఇళ్లకు మరో చిక్కు ఉంది. రుసుము భయంతో ఒక రాష్ట్రంలో చవకగా అమ్మే పాత బండ్లు గీత దాటి రెండో రాష్ట్రంలో తేలుతాయి. ఆ ధర చూసి మురిసిపోరాదు. పాత రిజిస్ట్రేషన్ ఉన్న ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకొనే బండికి అక్కడి నంబరు తీసుకోవాలి. పన్ను కూడా అక్కడే కట్టాలి. ఎఫ్‌సీ రుసుము కేంద్ర నిబంధన కనుక గీత దాటినంత మాత్రాన బండి వయసు తగ్గదు. బేరం కుదిరే ముందు చాసిస్ మీద చెక్కిన నంబరు ఆర్‌సీ పుస్తకంలోని నంబరుతో సరిపోయిందా, తుప్పులో కలిసిపోయిందా చూడాలి. పగటి వెలుగులోనే చూడాలి. అడుగుభాగానికి కొత్తగా నల్ల రంగు పూసి నిగనిగలాడిస్తుంటే మరీ జాగ్రత్త. అటువంటి బండికి సుత్తి వేసి తట్టనివ్వని యజమాని దగ్గర బయానా ఇవ్వకుండా తిరిగి రావచ్చు.